కేంద్ర బ్యాంకు గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గవర్నర్ గారికి నమస్కారాలు.

వడ్డీ రేట్లు పెరిగినప్పుడు బ్యాంకులు మా అంగీకారం లేకుండానే గృహరుణాల గడువు పెంచడం గురించి మీ కార్యాలయానికి రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

ధరలను అదుపు చేయడానికి మీరు వడ్డీ రేట్లు పెంచడాన్ని నేను తప్పుపట్టను. 1970లలో అమెరికాలో ద్రవ్యోల్బణాన్ని ముదరనిచ్చారు. 1981లో అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటు 19 శాతానికి చేరాక గానీ అది లొంగలేదు. నా బాధల్లా ఆ భారం ఎవరి మీద, ఎలా పడుతోందన్నదే.

7 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకున్న గృహరుణం మొదట్లోనే 9 శాతానికి చేరితే, అదే ఈఎంఐతో తీరడానికి సుమారు 38 ఏళ్లు పడుతుంది. నెలనెలా కట్టేది మారదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ ఫోన్‌లో వచ్చిన ఒక్క లైను మెసేజ్‌తోనే తెలిసింది. ఆఖరి వాయిదా నాటికి నా వయసెంతో లెక్కేసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు. మీరు రేట్లు తగ్గించినప్పుడు మాత్రం ఆ తగ్గింపు నా ఖాతా దాకా రావడానికి నెలలు పట్టింది.

గడువు పెంచే ముందు బ్యాంకులు రుణగ్రహీత నుంచి లిఖితపూర్వక అంగీకారం తీసుకోవాలని, పెంపు ఎన్ని రోజుల్లో అమలైతే తగ్గింపూ అన్ని రోజుల్లోనే అమలు కావాలని ఆదేశించండి. వడ్డీ రేట్లను నిర్ణయించే వచ్చే ద్రవ్య విధాన సమీక్షలోగా మీ నిర్ణయం ప్రకటించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక రుణగ్రహీత