డెవలప్‌మెంట్ బిల్డ్‌లు ప్రోగ్రామర్లకే పరిమితం కాదు

సంపాదకులకు నమస్కారాలు.

ఓపెన్ సోర్స్ గేమ్‌లను పరిచయం చేస్తూ మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. స్వచ్ఛందంగా కొందరు కలిసి తయారుచేసి, కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా ఇచ్చే ఈ ఆటల గురించి పత్రికల్లో రాయడమే అరుదు కనుక ఎంతో సంతోషించాను. అయితే వ్యాసం చివర పాఠకులకు ఇచ్చిన సలహాతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. డెవలప్‌మెంట్ బిల్డ్‌ల, అంటే ఇంకా తయారీలో ఉన్న వెర్షన్ల, జోలికి పోవద్దని, అవి ప్రోగ్రామర్ల కోసమేనని అందులో రాశారు. జోలికి పోవద్దన్నది కొందరికి తగిన సలహాయే. ప్రోగ్రామర్ల కోసమే అన్నది మాత్రం నిజం కాదు. ఆ బిల్డ్‌లను రాసినవారే ఆడుకుని ఊరుకుంటే, మనం నమ్మకంతో డౌన్‌లోడ్ చేసుకునే స్టేబుల్ (స్థిరమైన) వెర్షన్ ఆ పేరుకు తగినట్టు ఎన్నటికీ తయారుకాదు.

పెద్ద కంపెనీ ఒక గేమ్‌ను విడుదల చేసేముందు జీతమిచ్చి పెట్టుకున్న టెస్టర్లు దాన్ని నెలల తరబడి ఆడి చూస్తారు. స్వచ్ఛంద ప్రాజెక్టులో ఆ విభాగమే ఉండదు. ఉద్యోగం, చదువు, సంసారం అయ్యాక మిగిలిన వేళల్లో కోడ్ రాసేవారు తాము మార్చిన భాగం పనిచేస్తున్నదో లేదో చూసుకోగలరు గాని, ఆ మార్పు వల్ల ఆటలో మరెక్కడ ఏమి చెడిందో మొత్తం ఆడి తెలుసుకునేంత తీరిక వారికి ఉండదు. ఆ లోటును తీర్చేది ఆటగాళ్లే. అందుకే ఈ ప్రాజెక్టులు సగం పూర్తయిన పనిని దాచుకోకుండా బయట పెడతాయి. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టిన బ్యాటిల్ ఫర్ వెస్నోత్ అనే వ్యూహాత్మక ఆటనే తీసుకోండి. దాని వెర్షన్ సంఖ్యలో రెండో అంకె సరిసంఖ్య అయితే స్టేబుల్, బేసిసంఖ్య అయితే డెవలప్‌మెంట్. 2018లో వచ్చిన 1.14, 2021లో వచ్చిన 1.16, 2024లో వచ్చిన 1.18 స్టేబుల్ వెర్షన్లు. వాటి మధ్య నడిచిన 1.15, 1.17 వరుసలను ఏళ్ల తరబడి ఆడి, లోపాలు చెప్పినవారు లేకపోతే ఆ విడుదలలు అలా వచ్చేవి కావు. కాటక్లిజం డార్క్ డేస్ అహెడ్ అనే ఆటలో స్టేబుల్ వెర్షన్‌కూ స్టేబుల్ వెర్షన్‌కూ మధ్య ఏడాదికి పైగా గడిచిపోతుంది. దానిలో కొత్త కోడ్ చేరినకొద్దీ ఎక్స్‌పెరిమెంటల్ బిల్డ్‌లు వాటంతటవే తయారవుతాయి, ఆ ఆటను ఇష్టపడేవారిలో చాలామంది ఆడేది వాటినే. జీరో ఏ.డీ. అనే ఆట సంగతి మరీ విశేషం. 2010లో మొదటి ఆల్ఫా, అంటే ఇంకా పూర్తికాని తొలిదశ వెర్షన్, వచ్చింది, 2025 జనవరిలో వచ్చిన ఇరవై ఏడవ విడుదల కూడా ఆల్ఫాయే. పూర్తికాని ఆటను ఆడకూడదనుకునేవారు ఆ ఆటను దాదాపు పదిహేనేళ్లపాటు అసలు ముట్టుకోకుండా ఉండవలసి వచ్చేది.

సాధారణ ఆటగాడు చూడగలిగి, ప్రోగ్రామర్ చూడలేనిది ఏమిటన్న ప్రశ్న సహజం. ప్రోగ్రామర్ కొత్త మార్పును పరీక్షించడానికి కొత్త ఆట మొదలుపెడతాడు, కొద్ది నిమిషాలు చూస్తాడు, ఆపేస్తాడు. లోపాలలో చాలా భాగం ఆట ముదిరాక గాని బయటపడవు. రవాణా సంస్థను నడిపే ఆట అయిన ఓపెన్ టీటీడీలో పది రైళ్లు నడిచినంతవరకూ కనిపించని నెమ్మదితనం వేలకొద్దీ వాహనాలు చేరాక కనిపిస్తుంది. నెలల క్రితం సేవ్ చేసుకున్న ఆటను కొత్త బిల్డ్‌లో తెరిస్తేనే కొన్ని తప్పులు తెలుస్తాయి. పాత గ్రాఫిక్స్ కార్డు, చిన్న తెర, అరుదైన కీబోర్డు అమరిక ఉన్నవారి కంప్యూటర్లలోనే కొన్ని క్రాష్‌లు జరుగుతాయి. సంయుక్తాక్షరాలున్న లిపుల సంగతి ఇంకా స్పష్టం. అక్షరాలను కూర్చే పద్ధతి సరిగా లేని గేమ్‌లో ఒత్తులు విడిపోయి పక్కకు జరుగుతాయి. ఆ లిపి చదవడం రాని ప్రోగ్రామర్‌కు తెరమీద అది అందమైన గీతల్లాగానే కనిపిస్తుంది. తప్పని చెప్పగలిగేది చదవగలిగినవారే, స్టేబుల్ విడుదలకు ముందు చెబితేనే దానివల్ల ప్రయోజనం.

మల్టీప్లేయర్ ఆటలలో ఇది మరింత ముఖ్యమవుతుంది. ఇలాంటి అనేక ఆటలలో సర్వర్ ఆటస్థితి మొత్తాన్ని అందరికీ పంపదు. ఆటగాళ్లు ఇచ్చిన ఆదేశాలను మాత్రమే పంపుతుంది. ప్రతి కంప్యూటరూ అవే ఆదేశాలతో, అవే యాదృచ్ఛిక సంఖ్యలతో తనంతట తాను ఆటను నడుపుకుంటుంది. అన్ని చోట్లా ఫలితం అక్షరాలా ఒకటే కావాలి. ఎక్కడో ఒక లెక్క ఒక కంప్యూటర్‌లో అణుమాత్రం తేడాగా వచ్చినా అక్కడినుంచి ఆటలు వేరుపడిపోతాయి. దీనినే డీసింక్ అంటారు. కోడ్‌లో తప్పు జరిగిన చోటుకూ, దాని ప్రభావం తెరమీద కనిపించే చోటుకూ మధ్య చాలా సమయం గడిచిపోతుంది కనుక దీనిని పట్టుకోవడం ఎంతో కష్టం. వేర్వేరు ప్రాసెసర్లు, వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్న పదిమంది కలిసి గంటలకొద్దీ ఆడితే తప్ప అది బయటపడకపోవచ్చు. ఒంటరిగా కూర్చున్న ప్రోగ్రామర్ ఎంత సమర్థుడైనా ఆ పదిమందీ తానే కాలేడు.

అయితే ఆడటం ఒక్కటే సరిపోదు. కొత్త హంగులు అందరికంటే ముందు చూడాలన్న కోరికతో డెవలప్‌మెంట్ బిల్డ్ దించుకుని, క్రాష్ అయినప్పుడల్లా విసుక్కుంటూ మళ్లీ మొదలుపెట్టి, ఎవరికీ చెప్పకుండా ఊరుకునేవారు చాలామంది ఉన్నారు. వారి ఆటవల్ల ప్రాజెక్టుకు వీసమెత్తు లాభం లేదు. పైగా ఆ లోపం ఎవరికీ ఎదురుకాలేదేమో అన్న భ్రమ ప్రోగ్రామర్లకు కలుగుతుంది. ‘గేమ్ పనిచేయడం లేదు’ అని ఒక్క వాక్యం రాసి పంపేవారి ఫిర్యాదూ దాదాపు అంతే. పనికొచ్చే రిపోర్టులో ఏ తేదీ బిల్డ్, లేదా ఏ కమిట్ (కోడ్‌లో నమోదైన ఒక్కొక్క మార్పు) నుంచి తయారైన బిల్డ్ అన్నది ఉండాలి. ఏమి చేస్తే లోపం మళ్లీ కనిపిస్తుందో వరుసగా ఉండాలి, ఆట నడిచిన తీరు నమోదయ్యే లాగ్ ఫైల్ ఉండాలి, వీలైతే సేవ్ ఫైల్ కూడా ఉండాలి. ఓపెన్ టీటీడీ ఈ విషయంలో ఎంతో మెచ్చుకోదగ్గ పని చేసింది. ఆట కూలిపోయిన క్షణంలోనే క్రాష్ లాగ్‌ను, అప్పటి ఆటస్థితి సేవ్‌ను, తెర చిత్రాన్ని తానే ఫైళ్లుగా రాసి ఉంచుతుంది. ఆటగాడు చేయవలసిందల్లా వాటిని జతచేసి పంపడమే.

బిల్డ్ సంఖ్య ఎందుకంత ముఖ్యమో తెలియక చాలామంది దానిని వదిలేస్తారు. కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ అనే సాధనంలో బైసెక్ట్ అనే సౌకర్యం ఉంది. నిన్నటి బిల్డ్ బాగుందని, నేటిది చెడిందని తెలిస్తే ఆ రెంటి మధ్యనున్న కమిట్‌లలో సరిగ్గా మధ్యదాన్ని తీసి పరీక్షిస్తారు. అది బాగుంటే తప్పు తరువాతి సగంలో ఉన్నట్టు, చెడితే ముందరి సగంలోనో ఆ మధ్యదానిలోనో ఉన్నట్టు. ఇలా సగం చేసుకుంటూ పోతే 1000 కమిట్‌ల మధ్య దాగిన తప్పును కూడా సుమారు 10 పరీక్షలలో పట్టుకోవచ్చు. ఇందుకు కోడ్ రాయడం రానక్కరలేదు. రోజువారీ బిల్డ్‌లను భద్రపరిచే ప్రాజెక్టులలో ఆటగాళ్లే ఒక్కొక్క బిల్డ్‌నూ దించుకుని ఆడి, ఫలానా రోజు నుంచి చెడిందని చెప్పగలరు. ప్రోగ్రామర్‌కు వారం పట్టే వెతుకులాట ఆ ఒక్క మాటతో గంటలో ముగియవచ్చు. నా దృష్టిలో ఓపెన్ సోర్స్ ఆటకు ఆటగాడు చేయగల సహాయాలలో విరాళం కంటే కూడా ఇది విలువైనది.

ఆట సమతూకం గురించి కూడా ఒక మాట. ఒక సైనికుడి బలం తగ్గించారనో, ఒక ఆయుధాన్ని తీసేశారనో మార్పుల జాబితాలో చదివి, ఆడకుండానే ఆగ్రహించేవారు ప్రతి ప్రాజెక్టులోనూ కనిపిస్తారు. డంజియన్ క్రాల్ స్టోన్ సూప్ వంటి ఆటలలో ట్రంక్ అనే డెవలప్‌మెంట్ వెర్షన్‌ను పబ్లిక్ సర్వర్లలో, బ్రౌజర్‌లోనే ఎవరైనా ఆడవచ్చు. అక్కడ ఆడి చూసి చెప్పిన అభిప్రాయానికీ, జాబితా చదివి చెప్పిన అభిప్రాయానికీ ఒకే విలువ ఇవ్వమనడం న్యాయం కాదు.

జాగ్రత్తలు అవసరమే, వాటిని మీ వ్యాసం చెప్పి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాడిని కాదు. స్టేబుల్ వెర్షన్‌ను తీసేయకుండా డెవలప్‌మెంట్ బిల్డ్‌ను వేరే ఫోల్డర్‌లో ఉంచుకోవాలి. సేవ్ ఫైళ్లకు ముందే నకలు తీసుకోవాలి, ఎందుకంటే కొత్త బిల్డ్‌లో తెరిచి సేవ్ చేసిన ఆట మళ్లీ పాత వెర్షన్‌లో సాధారణంగా తెరుచుకోదు. కోల్పోతే బాధపడే ఆటను అందులో ఆడకూడదు. బిల్డ్‌ను ప్రాజెక్టు అధికారిక సైట్ నుంచే తెచ్చుకోవాలి. మల్టీప్లేయర్‌లో మిత్రులందరి దగ్గరా అదే బిల్డ్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఇంత శ్రద్ధ పెట్టే తీరిక లేనివారు, ఆటను కేవలం విశ్రాంతి కోసం ఆడేవారు స్టేబుల్ వెర్షన్‌తోనే ఉండటం మంచిది. వారు చేసేది తప్పు కాదు.

ప్రాజెక్టులకూ బాధ్యత ఉంది. ఈ ఆటలలో చాలావాటికి వర్తించే జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లో ఎటువంటి హామీ లేదని స్పష్టంగా ఉంటుంది. చట్టరీత్యా అది సరిపోతుంది. కానీ వచ్చినవారి ఓపికను కాపాడుకోవడానికి అది సరిపోదు. డౌన్‌లోడ్ పేజీలో రెండు వెర్షన్లనూ పక్కపక్కన ఒకే రంగు బటన్లతో పెట్టి, ఏది దేనికో చెప్పకపోతే తెలియక దించుకున్నవారు నష్టపోతారు. వెస్నోత్ తన ఒక్కొక్క వరుసకూ సేవ్‌లను, సెట్టింగులను విడివిడి ఫోల్డర్లలో ఉంచుతుంది కనుక 1.19 ఆడినంత మాత్రాన 1.18లోని ఆటలు పాడుకావు. ప్రతి ప్రాజెక్టూ ఇలా చేయాలి. శ్రమపడి పంపిన రిపోర్టుకు నెలల తరబడి జవాబు లేకపోతే ఆ ఆటగాడు రెండోసారి పంపడు. వెంటనే సరిచేయలేకపోయినా, చూశామని ఒక్క వాక్యం రాయడం కష్టం కాదు.

మీ సాంకేతిక పేజీకి నాదొక విన్నపం. ఇకపై ఓపెన్ సోర్స్ గేమ్‌ను సమీక్షించినప్పుడు ఏ వెర్షన్‌ను ఆడి రాశారో తప్పక పేర్కొనండి. స్టేబుల్ విడుదలకు ముందు వచ్చే రిలీజ్ క్యాండిడేట్ అందుబాటులో ఉన్నప్పుడు ఆ వార్తనూ వేయండి, ఎందుకంటే టెస్టర్ల అవసరం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఆ కొద్ది వారాలలోనే. ఆ వార్త పక్కనే సేవ్ ఫైళ్లకు నకలు తీసే విధానాన్నీ, లాగ్ ఫైల్ ఎక్కడ ఉంటుందో, బగ్ రిపోర్టు ఎక్కడ ఇవ్వాలో కూడా నాలుగు వాక్యాలలో చెప్పండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు