బస్తీ గోడలకూ బొమ్మలు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మన వరంగల్ నగరంలో గోడల మీద కాకతీయ తోరణం, రుద్రమదేవి, బతుకమ్మ బొమ్మలు వేయిస్తున్నారని పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చింది. బొమ్మలు బాగున్నాయి, గీసినవాళ్లకు దండం పెట్టాల్సిందే. కానీ అన్నీ మెయిన్ రోడ్ల మీదే ఎందుకు? 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో ఇళ్లల్లోకి నీళ్లొచ్చిన బస్తీలు అధికారులకు గుర్తున్నాయా? డెంగీ దోమ ఇంటా బయటా నిలిచిన మంచినీళ్లలో గుడ్లు పెడుతుందని, కూలర్లు, డ్రమ్ములు వారానికోసారి ఖాళీ చేసి కడగాలని చెప్పే బొమ్మ అక్కడ కదా వేయాల్సింది!

టీబీ సంగతే చూడండి. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్ష చేయించుకోవాలి, సర్కారు దవాఖానలో పరీక్షా మందులూ ఉచితం, పైగా తిండి ఖర్చుకు నెలకు 500 ఇచ్చేది 2024 నవంబరు నుంచి 1000 చేశారు. మా వాడలో చాలామందికి ఈ ముచ్చటే తెల్వదు. తెలిసినా బిడ్డ పెండ్లి ఆగుతుందని జబ్బును దాచిపెట్టేటోళ్లున్నారు. చదువు రాని పెద్దలకు కరపత్రాలు పంచి, ఫొటో దిగి, అవగాహన కార్యక్రమం అయిపోయిందని రాసుకుంటే ఎట్లా?

బొమ్మ చూపించి కథ చెప్పడం మనకు కొత్త కాదు. చేర్యాల నకాశీ పటం విప్పి కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పిన నేల ఇది. ఇప్పుడు ఆ పటాలు గీసే కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. వాళ్లకు పని ఇవ్వండి. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చదివే పిల్లల్ని, ఆశా వర్కర్లను కలిపి ముందు బస్తీలో కూర్చోబెట్టండి. ఎవరు దవాఖానకు ఎందుకు పోవట్లేదో, భయమా, కూలి పోతుందనా, అక్కడ ఎవరైనా కసురుకున్నారా, అదంతా విన్నాకనే గోడ మీద గీత పడాలి. బస్తీ ఆడవాళ్లు, పిల్లలు కూడా రంగులు పట్టుకుంటే ఆ గోడ మీద ఎవరూ పోస్టరు అంటించనివ్వరు.

టెండరు పిలిచి కాంట్రాక్టరుకు అప్పగిస్తే మాత్రం చదరపు అడుగుకింత అని బిల్లు లేస్తుంది, ఒకే నినాదం అన్ని వాడల్లో అచ్చుగుద్దినట్టు పడుతుంది. ఇప్పటికే ఏ పని చూసినా అంతే, అధికారి బదిలీ కాగానే ఫైలు మూలకు పడుతుంది. ఆశా వర్కర్ల మీద సర్వే మీద సర్వే మోపుతారు, వాళ్లు చెప్పేది వినే తీరిక ఎవరికీ ఉండదు. ఈ పనికైనా వాళ్లకు విడిగా డబ్బులివ్వాలి, ఊరికే చేయించుకోవద్దు.

బొమ్మ చూసి దవాఖానకు వచ్చిన మనిషికి అక్కడ డాక్టరు, మందులు ఉండాలి. అది కూడా అధికారుల పూచీయే. వానాకాలం రాకముందే నాలా పక్క వాడలతో మొదలుపెట్టాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, హనుమకొండ