డబ్బులు పంపే ముందు మా పేరు గురించి ఒక మాట

రైతులందరికీ నమస్కారమండీ. ఈ సీజన్‌లో మా ‘సిగ్నస్’ షాపులో రొయ్యల మేత, మందులు బుక్ చేసుకున్న కొందరు ఫోన్‌లో ‘సిగ్నస్’ అని వెతికి, ముందు కనిపించిన ఖాతాకి డబ్బులు వేసేశారు. అది మాది కాదు. మా దగ్గర బాకీ అలాగే ఉంది, డబ్బేమో ఇంకెవరికో వెళ్లింది. దాంతో షాపు పేరు మార్చెయ్యమని రాజోలు నుంచి మలికిపురం దాకా అందరూ చెబుతున్నారు.

మార్చడం లేదండీ. లాటిన్‌లో హంసని సిగ్నస్ అంటారు. ఆ పేరు వాడుకోని వాళ్లు లేరు. ఆకాశంలో ఉన్న 88 నక్షత్ర మండలాల్లో ఒకటి సిగ్నస్. అక్టోబరులో పొద్దుపోయాక చెరువు కాపలాకి వెళ్లినప్పుడు ఉత్తరాన పైకి చూడండి, శిలువలా కనిపిస్తుంది. ఆ దిక్కునే ఉన్న సిగ్నస్ ఎక్స్-1 అనేది బ్లాక్ హోలా (వెలుతురుని కూడా బయటికి పోనివ్వని కృష్ణబిలం) కాదా అని స్టీఫెన్ హాకింగ్, కిప్ థోర్న్ అనే శాస్త్రవేత్తలు 1974లో పందెం కాశారు. కాదన్న హాకింగ్ 1990లో గానీ ఓటమి ఒప్పుకోలేదు. మన సంక్రాంతి పందేల బాకీలే నయం. అంతరిక్ష కేంద్రానికి సరుకులు మోసే అమెరికా నౌక కూడా సిగ్నసే. 2020లో వెళ్లినదానికి కల్పనా చావ్లా పేరు పెట్టారు. సరుకు దింపాక అక్కడి చెత్త ఎక్కించుకుని, వాతావరణంలోకి వస్తూ కాలిపోతుంది. మా ట్రాలీ ఆటోకి అంత త్యాగం లేదు గానీ, గట్టు దాకా వస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం 2016లో ఫ్లూ మహమ్మారి వస్తే ఎలాగని చేసిన రిహార్సల్‌కీ ఇదే పేరు.

ట్రేడ్‌మార్కుల్లో, అంటే వ్యాపార పేర్లు, గుర్తుల రిజిస్ట్రేషన్‌లో, సరుకులకీ సేవలకీ కలిపి 45 తరగతులున్నాయి. రొయ్యల మేత 31లో, మందులు 5లో, ఆసుపత్రులు 44లో వస్తాయి. కాబట్టి ఒకే పేరు వేర్వేరు వ్యాపారాల వాళ్లకి ఉండొచ్చు. చిన్న వ్యాపారికి ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి ఫీజు 4,500 రూపాయలు, రిజిస్ట్రేషన్ వస్తే 10 ఏళ్లు ఉంటుంది. మేము మేతకి మాత్రమే దరఖాస్తు వేశాం. మందులకి వచ్చే ఏడాది చూస్తాం, రొయ్య రేటు సంగతి మీకు తెలియనిదేముంది.

ఇకమీదట బిల్లు మీదున్న క్యూఆర్ కోడ్‌కే పంపండి. తెర మీద మా నాన్నగారి పేరు వస్తేనే నొక్కండి, షాపు పేరు వస్తే అది మా ఖాతా కాదు, ఆగిపోండి. ఇప్పటికే పొరపాటున వేరే ఖాతాకి పంపినవాళ్లు వెంటనే మీ బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వండి. ఆ రసీదు తెస్తే మీ చెరువులో రొయ్యలు పట్టేదాకా ఆ బాకీకి వడ్డీ వెయ్యం. కొత్త సంచుల మీద ఊరి పేరు పెద్దక్షరాల్లో వేయిస్తున్నాం. పాతవి అయిపోయేదాకా మాత్రం అవే వస్తాయి.