బోట్లు బరువెక్కాయి, లాగే చేతులు తగ్గాయి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక చిన్న పేట నుంచి, మత్స్యకార సహకార సంఘం కార్యదర్శిగా ఈ లేఖ రాస్తున్నాను. బోట్లను ఒడ్డుకు లాగే యంత్రం కొనాలా, కొంటే ఏది కొనాలి అని మా సంఘం నెల రోజులుగా తర్జనభర్జన పడుతోంది. మీదీ ఈ జిల్లాయే కనుక మా ఇసుక గురించి మీకు చెప్పనక్కర్లేదు. వేట ముగించుకున్న బోటు ఒడ్డెక్కే ఆ పది నిమిషాల గురించి మాత్రం చెప్పాలి.

తెల్లవారి తిరిగొచ్చిన బోటు కెరటాలు విరిగే చోటుకు అవతలే ఆగి, అనువైన కెరటం కోసం కాచుకుంటుంది. దాని మీదుగా వచ్చి ఇసుకను తాకగానే ఇంజను పైకెత్తేస్తారు. ఇక ఒడ్డున ఉన్నవాళ్లంతా పరుగే. వెనక వచ్చే కెరటం బోటును అడ్డం తిప్పిందంటే బోల్తా పడుతుంది. అందుకే ముందు దుంగలు పరిచి, మోకు పట్టుకుని, ఒకే ఊపులో లాగాలి. చేపల బుట్టలు పక్కన పెట్టి ఆడవాళ్లూ మోకు పడతారు. బోటు దాటి వచ్చిన దుంగను తీసి మళ్లీ ముందు వేయడం కుర్రాళ్ల పని. రెండేళ్ల క్రితం తడిసిన దుంగ జారి, బోటు అడుగు మా తమ్ముడి పాదం మీదికి వచ్చింది. రెండు వేళ్లు పోయాయి. పదిహేను మంది పట్టాల్సిన మోకును ఆ రోజు తొమ్మిది మంది పట్టారు.

ఈ కొరత ఊరికే రాలేదు. మా తాతల నాటి తెప్ప దుంగలు కట్టి చేసినది. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, దుంగలను భుజాన మోసుకుపోయి ఎండబెట్టేవారు. ఇప్పటి ఫైబర్ బోటుకు విప్పే కట్లు లేవు. ఇంజను, వల, ఐసు, చేప కలిస్తే టన్ను దాటుతుంది. బోటు బరువెక్కిన ఈ కాలంలోనే లాగాల్సిన కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయారు. అక్కడి బోట్లలో పనిచేస్తూ 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి ఇళ్లకు వచ్చిన మన జాలర్లను రాష్ట్రమంతా చూసింది. అంత జరిగినా వలస ఆగలేదు. ఉదయం మా ఒడ్డున నిలబడితే మోకు పట్టేవాళ్లలో సగానికి సగం అరవై దాటినవాళ్లే కనిపిస్తారు.

హార్బరు వస్తే ఈ బాధ తీరుతుందని అంటారు. హార్బర్లు రావాలి, మేమూ అడుగుతూనే ఉన్నాం. కానీ జిల్లా తీరం 193 కిలోమీటర్లు. హార్బరు ఎక్కడ కట్టినా దూరపు పేటల చిన్న బోట్లు రోజూ అక్కడికి పోయి రాలేవు. అవి రేపు కూడా ఇసుక మీదికే వస్తాయి. ఇంగ్లండులోని హేస్టింగ్స్‌లో ఈనాటికీ చేపల బోట్లను గులకరాళ్ల ఒడ్డు మీదికే లాగుతారు. ఒకప్పుడు గుర్రాలతో చక్రం తిప్పించి లాగేవారు, ఇప్పుడు వించ్‌లూ (తాడును చుట్టుకుంటూ బరువు లాగే యంత్రాలు) బుల్‌డోజర్లూ వాడుతున్నారు. ఒడ్డెక్కే బోటుకు ఒడ్డు మీదే సాధనం ఉండాలని వాళ్లు ఎప్పుడో గుర్తించారు.

మా సంఘంలో కుర్రాళ్లు ట్రాక్టరు కావాలంటున్నారు. పెద్దలు వించ్ చాలంటున్నారు. ట్రాక్టరుతో ఊళ్లో వేరే పనులూ చేసుకోవచ్చు, నిజమే. కానీ తడి ఇసుకలో టైర్లు దిగబడతాయి. ఉప్పునీరు తగిలి బేరింగులు తొందరగా పాడవుతాయి. పైగా జనవరి నుంచి సముద్రపు తాబేళ్లు ఈ ఇసుకలోనే గుడ్లు పెడతాయి, వాటి మీదుగా చక్రాలు తిప్పడం నాకు ఇష్టం లేదు. నా మటుకు వించే సరైనది. పోటు నీరు అందనంత ఎత్తులో, ఇసుకలో లోతుగా పాతిన దిమ్మకు దాన్ని బిగించాలి. బోటు ముక్కు దగ్గర ఒక కప్పి కట్టి మోకును దాని చుట్టూ తిప్పి తెస్తే లాగే బలం సుమారు సగం సరిపోతుంది. ఉక్కు తీగ తెగితే మనిషి ప్రాణానికే ముప్పు కనుక వాడే తాడు గురించి, ఎవరు ఎంత దూరంలో నిలబడాలనే దాని గురించి శిక్షణ తప్పనిసరి. మా ఇసుక దిబ్బ ఏటా జరుగుతుంటుంది, కాబట్టి దిమ్మను విప్పి మరోచోట పాతుకునే వీలుండాలి.

ఇక్కడే మాకు మీ సాయం కావాలి. పడవకూ వలకూ ఇంజనుకూ రాయితీ ఇచ్చారు. వేట నిషేధ కాలపు భృతిని 20,000 రూపాయలకు పెంచారు, ఆ డబ్బు మా ఇళ్లకు ఎంతో ఆసరా అయింది. బోటును ఒడ్డుకు లాగే సాధనం కోసం మేము కార్యాలయాల చుట్టూ తిరిగితే మాత్రం, దీన్ని ఏ పద్దు కింద రాయాలో తెలియదని కాగితం తిరిగి మా చేతికే ఇచ్చారు. పేటకొక ఉమ్మడి ఆస్తిగా, సహకార సంఘం పేరిట వించ్‌కు రాయితీ ఇచ్చేలా ఆదేశాలివ్వండి. మా వాటా మేము పెట్టుకుంటాం. అందుకు బోటుకింత అని వసూలు మొదలుపెట్టాం కూడా. కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థకు విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి నిపుణులతో మా ఇసుకను, బోటు బరువును పరీక్షింపజేసి, ఏ వించ్ సరిపోతుందో చెప్పించండి. తెలియక కొన్న యంత్రం తుప్పు పట్టిపోతే రెండోసారి కొనే స్తోమత మాకు లేదు.

అక్టోబరు లోపు ఈ పని కావాలని అడగడానికి కారణం ఉంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడు తుపాన్లూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. హెచ్చరిక ముందే అందింది, మాకు చాలనిది మనుషులే. వర్షంలో చీకటి పడేదాకా లాగినా అన్ని బోట్లనూ దిబ్బ దాటించలేకపోయాం. తెల్లారాక చూస్తే కింద మిగిలినవి ఒకదాని మీద ఒకటి పడి పగిలి ఉన్నాయి.

మీ ఇంజనీర్లు వచ్చే రోజు ముందుగా తెలియజేయండి. బోట్లు ఒడ్డుకు వచ్చే వేళకు మేమంతా అక్కడే ఉంటాం. ఒక్క బోటు లాగడం చూస్తే కావలసిన కొలతలన్నీ వాళ్లకు అక్కడే దొరుకుతాయి.

ఇట్లు,
మత్స్యకార సహకార సంఘం కార్యదర్శి,
శ్రీకాకుళం జిల్లా