‘నో గ్రోత్’ రిపోర్టులపై ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

ఊపిరితిత్తుల మార్పిడి తర్వాత చేయాల్సిన పరీక్షల గురించి ఇచ్చిన వినతిపత్రాలన్నిటికీ ‘పరిశీలనలో ఉంది’ అనే జవాబే వచ్చింది. సంతోషం. మీ పరిశీలన ముగిసేదాకా బాక్టీరియా ఆగుతుందేమో చూడాలి.

ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆపరేషన్‌కి డబ్బిస్తోంది, కాదనం. ఆ తర్వాత బ్రాంకోస్కోపీలో (గొట్టంతో ఊపిరితిత్తి లోపల చూసే పరీక్ష) తీసిన ద్రవాన్ని మాత్రం ల్యాబులో మామూలు న్యుమోనియా లెక్కనే చూస్తున్నారు. రెండు రోజులు చూసి, ఏ క్రిమీ పెరగలేదని (‘నో గ్రోత్’) రాసి, క్రిముల్ని పెంచే ప్లేటు పారేస్తే నోకార్డియా అనే బాక్టీరియా ఎక్కడ దొరుకుతుంది? దానికి ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. టీబీకి వాడే ఘాటు ఆమ్లంతో రంగు వేసిన స్లైడు కడిగితే నోకార్డియాకి పట్టిన రంగు పోతుంది, 1 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడగాలి. టీబీ క్రిమికి చుట్టమైన మైకోబాక్టీరియం అబ్సెసస్ ఇంకో రకం: మూడో రోజున క్లారిథ్రోమైసిన్ మందుకి లొంగినట్టే ఉంటుంది, 14వ రోజుదాకా ఉంచితే చాలాసార్లు ఆ మందుకి లొంగని అసలు గుణం బయటపడుతుంది.

అన్నిటికన్నా భయం యూరియాప్లాస్మా అనే బాక్టీరియాతో. దీనికి కణకవచం లేదు కాబట్టి గ్రామ్ స్టెయిన్‌లో (బాక్టీరియాకి రంగు వేసి చూసే పరీక్ష) కనబడదు, మామూలు ప్లేటు మీద పెరగదు, కణకవచం మీద పనిచేసే మెరోపెనెమ్, వాంకోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు దీన్ని ఏమీ చేయలేవు. మార్పిడి జరిగిన మొదటి నెలలోనే రోగి మాట తికమకపడుతుంది, మగత కమ్ముతుంది, ఫిట్స్ వస్తాయి. లివర్ రిపోర్టులు బాగానే ఉంటాయి గనుక అమ్మోనియా మీద అనుమానం రాదు, నెపం కొత్త ఊపిరితిత్తిని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ మీదకో స్టెరాయిడ్ల మీదకో పోతుంది. ఈలోగా క్రిమి యూరియాని విరిచి అమ్మోనియా తయారుచేస్తూనే ఉంటుంది, మెదడు వాస్తుంది.

రక్తంలో అమ్మోనియా చూస్తే అనుమానం తేలుతుంది. నమూనాని మంచులో పెట్టి వెంటనే పంపాలి. కౌంటర్ మీద వదిలేస్తే ట్యూబులోనే అమ్మోనియా పెరిగి అంకె తప్పుతుంది. ఊపిరితిత్తి ద్రవానికి పీసీఆర్ (క్రిమి జన్యువుని పట్టే పరీక్ష) చేయాలి. ఫలితం కోసం కూర్చోకుండా డాక్సీసైక్లిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి రెండు కలిపి మొదలుపెట్టాలి, అమ్మోనియా దించడానికి డయాలసిస్ పెట్టాలి. ఇవేవీ అపురూపమైన మందులు కావు. పీసీఆర్ ఒక్కటే మీ జాబితాలో లేదు! ముందస్తు అనుమతి కోరమంటారు. మెదడు వాచిన మనిషికి ఫైలు కదిలేంత వ్యవధి ఉండదండీ.

పైగా ఈ యూరియాప్లాస్మా చాలాసార్లు దాత ఊపిరితిత్తితోనే వస్తుంది. ఆపరేషన్ రోజే దాత ద్రవాన్ని పీసీఆర్‌కి పంపితే ముందే తెలుస్తుంది. దానికీ పథకంలో పద్దు లేదు.

దయచేసి పీసీఆర్‌ని జాబితాలో చేర్చండి. మార్పిడి రోగుల ప్లేట్లు మూడు వారాలు ఉంచమని ల్యాబులకి ఉత్తర్వివ్వండి. ఇన్‌క్యుబేటర్‌లో చోటు లేదంటున్నారు, ఆ చోటేదో చూపించండి. పీసీఆర్ సంగతి మాత్రం ముందు తేల్చండి.

ఇట్లు,
మార్పిడి రోగులకు వైద్యం చేసేవాళ్ళం, వాళ్ళ నమూనాలు చూసేవాళ్ళం