ఆదివారం చేర్యాల పటం: గుడ్డ ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోండి

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం మనం చేర్యాల పటం వేస్తున్నాం: గుడ్డ మీద కథను గళ్లుగళ్లుగా బొమ్మలేసి చుట్టిపెట్టే తెలంగాణ చిత్రకళ ఇది. పూతలు ఆరడానికే రోజు పడుతుంది కాబట్టి శుక్రవారమే మొదలుపెట్టండి.

మీటరు ఖాదీ చాలు. చింతగింజలు రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, సన్నసెగ మీద కలుపుతూ ఉడికించాలి. అందులో సుద్దమట్టి, తుమ్మజిగురు కలిపి గుడ్డకు మూడు పూతలు. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకోటి! తొందరపడి ఒకేసారి మందంగా రాస్తే పటం చుట్టగానే పగుళ్లిస్తుంది. జిగురు తక్కువైతే సుద్ద వేలికి అంటుతుంది, రుద్ది చూడండి. ఉడికించిన చింతగింజల అంబలి రెండోరోజుకే పులిసి వాసనేస్తుంది, ఎక్కువ చెయ్యొద్దు.

బొమ్మ వేసేటప్పుడు ముందు కుంచెతో గీత, తర్వాత బొమ్మల వెనక ఖాళీ అంతా ఎరుపు, ఆపైన ఒంటిరంగులు, బట్టలు. నల్లగీత ఆఖరున. ఎరుపు చివర్లో నింపబోతే బొమ్మల అంచులు తినేస్తుంది.

ఇక కథ. ఇవి గోడ అందానికి పుట్టిన బొమ్మలు కావు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం, మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం పటం విప్పి చెబుతారు. ఊరు దూరం పెట్టిన కులం తన మూలపురుషుడు జాంబవంతుణ్ని అందరికంటే పెద్దవాడిగా అందులో చూసుకుంటుంది. నడిబజార్లో నిలబడి అలా చెప్పడం చిన్న విషయమేం కాదు. అందుకే దయచేసి ఫోన్లో బొమ్మ చూసి దించకండి. మీ వీధి, మీ ఇంట్లో చేసే పని, మీరు పెద్దగా చూపాలనుకునే మనిషి: ఒకదాని కింద ఒకటిగా మూడు గళ్లు, గళ్ల మధ్య పూలతీగ అంచు.

పోస్టర్ రంగులు తెచ్చుకోండి. యాక్రిలిక్ వద్దు, చుట్టి పెడితే పొరలు అంటుకుపోతాయి.