ఉన్నవ వారి ఇంట రెండో పేరు

సంపాదకులు గారికి,

నమస్కారాలు. సెప్టెంబరు 25న ఉన్నవ లక్ష్మీనారాయణ గారి వర్ధంతి సందర్భంగా మీ జిల్లా పేజీలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. ఆయనను తలచుకునే తీరిక చాలామందికి లేకుండా పోతున్న ఈ రోజుల్లో ఆ మాత్రం చోటు ఇచ్చినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసంలో ఆయన రాసిన ‘మాలపల్లి’ నవల గురించీ, దాని మీద ప్రభుత్వం పెట్టిన నిషేధం గురించీ, జైలు గురించీ రాశారు గానీ, ఆయన బతుకుతెరువైన న్యాయవాద వృత్తిని ఒక్క మాటతో సరిపెట్టారు. ఆయన ధర్మపత్ని లక్ష్మీబాయమ్మ గారి పేరు ఎక్కడా కనిపించలేదు. వ్యాసం రాసినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నలభై రెండేళ్లు గుంటూరు కోర్టుల్లో ప్రాక్టీసు చేసి విశ్రాంతి తీసుకుంటున్న వాడిని. ఈ ఊళ్లో జరిగిన సంస్మరణ సభలు చాలా చూశాను. వాటిలోనూ వరస ఇదే. నవలాకారుడికి దండ వేస్తారు, వకీలును మరచిపోతారు, ఆ ఇల్లాలి ఊసు ఎత్తరు. ఈ మూడింటినీ విడదీస్తే ఆయన జీవితం మనకు అర్థం కాదని నా నమ్మకం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఉన్నవ వారు 1877 డిసెంబరు 4న గుంటూరు ప్రాంతంలోని వేములూరుపాడులో పుట్టారు. 1900 ప్రాంతంలో గుంటూరులో న్యాయవాద వృత్తి మొదలుపెట్టారు. అప్పటికి గుంటూరు జిల్లా అనేదే లేదు; 1904లో జిల్లా ఏర్పడేవరకు ఈ ఊరు కృష్ణా జిల్లాలో ఒక భాగం. ఇక్కడ ప్రాక్టీసు పెట్టిన వకీలుకు పల్లెల నుంచి వచ్చే రైతులే ఆధారం: గట్టు తగాదాలు, ప్రామిసరీ నోట్లు, దత్తత వివాదాలు, మనోవర్తి (పోషణ ఖర్చు) దావాలు. అలాంటి ఊళ్లో వకీలు మీద కక్షిదారుకు నమ్మకం కలగాలంటే చట్టం తెలిసి ఉంటే చాలదు. ఆయన కులానికీ బంధువర్గానికీ ఊరి పెద్దలకూ ఎదురు నిలవనివాడై ఉండాలి. వెలి పడిన ప్లీడరు గడప తొక్కడానికి ఎవరైనా వెనకాడతారు. మా వృత్తిలో ఉన్న ప్రతివాడికీ ఇది తెలిసిన సంగతే.

వృత్తిలో అడుగుపెట్టిన రెండేళ్లకే, అంటే 1902లో, ఆయన గుంటూరులో వితంతు శరణాలయం పెట్టారు. వీరేశలింగం పంతులు గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఇరవై ఏళ్లు గడిచినా అలాంటి పెళ్లి చేసుకున్న ఇంటికీ, చేయించిన ఇంటికీ పురోహితుడు దొరకడం, నలుగురు వచ్చి విస్తట్లో చెయ్యి కడగడం గగనమైన కాలం అది. ప్రాక్టీసు ఇంకా నిలదొక్కుకోని యువ వకీలు అటువంటి పనికి పూనుకోవడమంటే, తన బతుకుదెరువును తానే పణంగా పెట్టడమని నేను అనుకుంటున్నాను.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి. సభల్లో దీన్ని ఎవరూ ప్రస్తావించరు. 1856 నాటి హిందూ వితంతు పునర్వివాహ చట్టం ఆ పెళ్లిని చెల్లుబాటు చేసింది, నిజమే. కానీ అదే చట్టం రెండో సెక్షను, తిరిగి పెళ్లాడిన వితంతువుకు మొదటి భర్త ఆస్తిలో వారసత్వంగా గానీ మనోవర్తిగా గానీ ఉన్న హక్కు ఆ క్షణంతో పోతుందనీ, ఆ ఆస్తి మటుకు ఆమె మరణించినట్లే లెక్కించాలనీ చెప్పింది. ఒక చేత్తో తాళి కట్టనిచ్చి, రెండో చేత్తో తినే కంచం లాగేసుకోవడమే ఇది. మళ్లీ పెళ్లి చేసుకోని ఆడపిల్ల పరిస్థితి మాత్రం ఏం మెరుగు? అత్తింట్లో మనోవర్తి కోసం మరిది దయాదాక్షిణ్యాల మీద బతకాలి, లేకపోతే కోర్టు మెట్లెక్కాలి. ఈ దావాలను రోజూ చూసే వకీలుకు, ఊరికే ఆశ్రయం ఇస్తే సరిపోదనీ, ఆ పిల్లలకు చదువూ, చదువుతో జీతమూ రావాలనీ అర్థం కాకుండా ఎలా ఉంటుంది? 1902లో శరణాలయంతో మొదలైన ఆ దంపతుల కృషి 1922లో శారదానికేతనం అనే బాలికల విద్యాలయంగా మారడం వెనక ఈ వృత్తి అనుభవం ఉందని నేను గట్టిగా నమ్ముతాను. సంస్కర్త అన్న మాటకు ముందు వకీలు అన్న మాట కూడా రాయాలని నేను అడుగుతున్నది ఇందుకే.

కొంతకాలం ఆయన రాజమండ్రిలో ప్రాక్టీసు చేస్తూ వీరేశలింగం గారు స్థాపించిన హితకారిణీ సమాజం అనే సంస్కరణ సంస్థ పనులూ చూశారు. జొన్నవిత్తుల గురునాథం గారితో కలిసి తెలుగువారి ప్రాంతాలన్నిటినీ చూపే పటం తయారు చేశారు. తర్వాత ఐర్లండు వెళ్లి డబ్లిన్‌లో బారిష్టరు చదివారు. 1916 ఏప్రిల్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది ఆ నగరంలోనే. ఐరిష్ పోరాటం ఆయన మీద ఎంతటి ముద్ర వేసిందో తర్వాతి జీవితమే చెబుతుంది. తిరిగి వచ్చాక 1917లో మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. చిన్న ఊరి వకీలుకు అంతకు మించిన ఎదుగుదల లేదు. మూడు నాలుగేళ్లు తిరగకుండానే, 1920 డిసెంబరు నాగపూరు కాంగ్రెసు తర్వాత కోర్టుల బహిష్కారం పిలుపు ఊపందుకున్నప్పుడు, ఆయన నల్లకోటు విప్పి పక్కన పెట్టారు.

ఆ మాట పుస్తకాల్లో ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఇంట్లో మాత్రం అలా అయిపోదు. ఈ విషయంలో నేను నా ఇంటి అనుభవం చెప్పడానికి మన్నించాలి. మా ఇంట్లో ముందుగదే నా ఆఫీసు. తెల్లవారి మొదటి బస్సుకు పల్లె నుంచి వచ్చిన కక్షిదారు అరుగు మీద కూర్చుంటే, కాఫీ ఇచ్చేది, ఊరు ఏదో కేసు ఏదో కనుక్కొని, ఎర్రనాడా కట్టిన కట్టల్లోంచి ఆ కట్ట తీసి నా బల్ల మీద పెట్టేది నా భార్యే. గుమాస్తా రాని రోజు వాయిదా తేదీలు ఆమెకే గుర్తుండేవి. వకాలతునామా మీద నా సంతకం ఉండేది. ఆ కేసు నడవడానికి పడిన కష్టంలో సగం ఆమెది. 1990 ప్రాంతంలో జబ్బు చేసి నేను ఎనిమిది నెలలు కోర్టుకు వెళ్లలేకపోయినప్పుడు, ఫీజు రాబడి ఆగితే ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు తెలిసింది, ఆమె ద్వారానే నాకు తెలిసింది. అందువల్ల వకీలు ప్రాక్టీసు వదిలేశాడన్న మాట ఎక్కడ చదివినా నా మనసు ముందు ఆ ఇంటి వంటగదిలోకి వెళుతుంది.

ఉన్నవ వారు ప్రాక్టీసు వదిలిన తర్వాత పల్నాడు వెళ్లారు. అడవిలో పశువులను మేపుకోవడానికి పుల్లరి కట్టమని రైతులను అధికారులు పీడిస్తున్న కాలం అది. అక్కడి పరిస్థితులు చూడడానికి కాంగ్రెసు తరఫున వెళ్లిన ఆయననూ, వేదాంతం నరసింహాచారి గారినీ అరెస్టు చేశారు. సత్ప్రవర్తనకు జామీను ఇస్తే వదిలేస్తామన్నారు. జామీను కాగితం మీద సంతకం పెట్టడం అంటే ఏమిటో వకీలుకు చెప్పనక్కరలేదు. చేయని తప్పును ఒప్పుకోవడమే అది. ఆయన జామీను ఇవ్వలేదు, జైలుకు వెళ్లారు. ఆ పల్నాట్లోనే 1922 ఫిబ్రవరిలో పుల్లరి ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు గారు పోలీసు కాల్పుల్లో ప్రాణాలు విడిచారు. ఉన్నవ వారు జైలులో రాసిన ‘మాలపల్లి’ 1922లో అచ్చయింది, నిషేధానికి గురైంది, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గానీ ఆ బెడద పూర్తిగా తొలగలేదు. ఈ భాగం మీ వ్యాసంలో చక్కగా వచ్చింది కాబట్టి నేను పొడిగించను.

శారదానికేతనం పుట్టింది కూడా ఆ 1922లోనే. జైలు, నవల, ఈ విద్యాలయం మూడూ రెండేళ్లలో పడ్డాయి. వకీలు రాబడి లేని ఇంట్లో, ఇంటాయన ఉద్యమంలో తిరుగుతూ ఉండగా, తల్లిదండ్రులు పంపడానికి జంకిన పిల్లలనూ, బాలవితంతువులనూ చేరదీసి, వారికి తిండీ చదువూ ఏర్పాటు చేసి ఆ సంస్థను నిలబెట్టిన చేతులు లక్ష్మీబాయమ్మ గారివి. ఉప్పు సత్యాగ్రహంలో ఆమె కూడా జైలుకు వెళ్లారు. కనుక ఆమెను ఒక పెద్దమనిషి భార్యగా గుర్తు చేసుకోమని నేను అడగడం లేదు. ఆమె తనంత తానుగా ఈ ఊరికి ఒక సంస్థను ఇచ్చిన మనిషి.

ఇంత పట్టుదలగా ఈ మాట చెప్పడానికి నాకొక కారణం ఉంది. మా తాతగారి చెల్లెలు, మాకు మామ్మ, తొమ్మిదో ఏట పెళ్లయి పన్నెండో ఏట భర్తను పోగొట్టుకుంది. రెండేళ్లు పుట్టింట్లో వెనక వసారాలోనే గడిపింది. ఎవరో చెప్పగా మా ముత్తాతగారు మనసు చంపుకొని ఆమెను శారదానికేతనంలో చేర్చారు. అక్కడ తెలుగు, సంస్కృతం చదువుకుని, తర్వాత ఆడపిల్లల బడిలో తెలుగు పండితురాలైంది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పింది. నేను లా చదువుతానన్నప్పుడు మా నాన్నగారు తటపటాయిస్తుంటే, తను దాచుకున్న డబ్బు తెచ్చి మొదటి ఏడాది ఫీజు కట్టింది ఆమే.

ఆమె పోయాక మిగిలిన ఆస్తి ఒక రేకుపెట్టె. అందులో రెండు తెల్ల చీరలు, ఒక తకిలీ, బొంగరం అంత దూది ఉండ, చదువుకున్న రోజుల నాటి ఒక నోటు పుస్తకం ఉన్నాయి. పుస్తకం నిండా పద్యాలు. ప్రతి పాదం మీద గురువు లఘువు గుర్తులు పెట్టి, గణాలు విడదీసి, తప్పు పోయిన చోట కొట్టివేసి మళ్లీ రాసింది. ఊదారంగు సిరా వెలిసిపోయినా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. మొదటి పేజీలో ఆమె పేరు ఉంది. దాని ముందు ఇంటిపేరు లేదు. పుట్టింటిదీ రాయలేదు, మెట్టినింటిదీ రాయలేదు. పేరు కింద ‘శారదానికేతనము, గుంటూరు’ అని మాత్రం రాసుకుంది. కోర్టులో వేల దస్తావేజులు చదివాను, ఏ మనిషి తన చిరునామా ఇంత నిబ్బరంగా రాసుకోవడం చూడలేదు.

మామ్మ ‘అమ్మగారు’ అంటే మా ఇంట్లో అర్థం లక్ష్మీబాయమ్మ గారనే. ‘పంతులుగారు లోకానికి చెప్పారు, అమ్మగారు మాకు అన్నం పెట్టి చెప్పారు’ అనేది. పంతులుగారంటే ఉన్నవ వారు. చిన్నప్పుడు ఆ మాట విని వదిలేశాను. వకీలునయ్యాక, వారసత్వపు దావాలో ఒక విధవరాలి తరఫున నిలబడి వాదించిన రోజున అది మళ్లీ గుర్తొచ్చింది. హిందూ స్త్రీల ఆస్తి హక్కుల మీద వచ్చిన 1937, 1956 చట్టాలూ, 1985 సెప్టెంబరు నుంచి కుమార్తెలకు సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం చేసిన సవరణా వరసగా ఏకరువు పెడుతూ వాదించాను. ఇవేవీ లేని కాలంలో పన్నెండేళ్ల మా మామ్మకు ఏ సెక్షను కింద న్యాయం జరిగేది? ఆమెకు జరిగిన న్యాయం ఒక వకీలు ఇంటి నుంచి వచ్చింది, ఏ కోర్టు తీర్పు నుంచీ రాలేదు.

అందువల్ల మీకు నాదొక విన్నపం. వచ్చే సెప్టెంబరులో ఉన్నవ వారి గురించి రాసేటప్పుడు దయచేసి ఇద్దరి పేర్లూ శీర్షికలోనే వేయండి. శారదానికేతనంలో చదువుకుని ఉపాధ్యాయినులైన స్త్రీల మనవలూ మనవరాళ్లూ గుంటూరు, తెనాలి, నరసరావుపేట, బాపట్ల ప్రాంతాల్లో ఇంకా ఉన్నారు. వారి ఇళ్లలో నోటు పుస్తకాలు, యోగ్యతాపత్రాలు, ఫొటోలు ఉండే ఉంటాయి. పెద్దవాళ్లు పోయినప్పుడల్లా అటువంటి రేకుపెట్టెలు పాతసామాన్లవాడి బండి ఎక్కుతున్నాయి. మీ పత్రిక ఒక్క ఆదివారం పిలుపు ఇస్తే వాటిలో కొన్నయినా బయటికి వస్తాయి. నా తోటి న్యాయవాదులకూ ఒక మాట: మన లైబ్రరీల గోడల మీద పెద్దల చిత్రపటాలు చాలా ఉన్నాయి, ఉన్నవ వారి పటం పెట్టేటప్పుడు ఇద్దరూ కలిసి ఉన్నది వెతికి పెట్టండి. దొరకకపోతే రెండు పటాలు పక్కపక్కన పెట్టండి.

మా మామ్మ నోటు పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది. కాగితాలు పెళుసుబారి, అంచులు రాలుతున్నాయి. మీ విలేకరి ఎవరైనా వస్తే చూపిస్తాను, ఫొటోలు తీసుకోనిస్తాను. ఉదయం పది లోపు వస్తే వెలుతురు బాగుంటుంది, అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి.

భవదీయుడు,
విశ్రాంత న్యాయవాది,
గుంటూరు.